తీగ తెగినప్పుడు



"సర్వర్ లేదండీ, రేపు రండి." మన సరిహద్దు జిల్లాల్లో ఈ మాట వినని వాళ్లు ఇప్పుడు ఉండరు. బళ్లారిలో బ్యాంకుకు వెళ్లినా, హోసూరులో రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కినా, బరంపురంలో రేషన్ డీలరు ముందు సంచీ పట్టుకుని నిలబడినా, నాందేడ్‌లో పింఛను గురించి అడిగినా ఇదే జవాబు. అడిగేది తెలుగులోనో, కన్నడంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో, ఏ భాషలో అడిగినా ఆ సర్వర్ అన్న మాట మాత్రం మారదు. ఎక్కడో రోడ్డు వెడల్పు చేస్తూ జేసీబీ భూమిలోని కేబుల్‌ను తెంపి ఉంటుంది. లేదా గాలివానకు టవర్ ఒరిగి ఉంటుంది. ఇక్కడ వేలిముద్ర పడదు, బియ్యం రాదు. డబ్బు మన పేరునే ఉంటుంది, చేతికి మాత్రం రాదు.

ఇలాంటి రోజున పెద్దవాళ్లు ఒక నిట్టూర్పు విడిచి, మా కాలంలో ఈ యంత్రాల మీద ఇంతగా ఆధారపడలేదు అంటారు. అది పూర్తిగా నిజం కాదని మనవి చేయడానికే ఈ ప్రసంగం. మన వాళ్లు తీగ మీద ఆధారపడడం మొదలై 170 ఏళ్లు దాటింది. ఆ తీగ ఎన్నోసార్లు తెగింది. తెగిన ప్రతిసారీ ఏం జరిగిందన్నది ఒక చరిత్ర. అందులో మన ఊళ్ల పేర్లు, మనకు దగ్గరి ఊళ్ల పేర్లు చాలానే కనిపిస్తాయి.

1839వ సంవత్సరం దగ్గర మొదలుపెడదాం. ఆ ఏడాది కలకత్తాలో విలియం బ్రూక్ ఓషానెస్సీ అనే ఐరిష్ డాక్టరు ఒక వింత ప్రయోగం చేశాడు. ఆయన వైద్య కళాశాలలో రసాయన శాస్త్రం చెప్పే ఆచార్యుడు. ఊరి దగ్గర వెదురు గడలు పాతి, వాటి మీద మైళ్ల పొడవున ఇనుప తీగ లాగి, విద్యుత్తు ద్వారా సంకేతాలు పంపాడు. అవతలి కొసన ఉన్న మనిషి ఆ సంకేతాన్ని చెవితో వినేవాడు కాదు. వేలికి తగిలే చిన్నపాటి షాకును బట్టి అర్థం చేసుకునేవాడు. అప్పుడూ వేలే, ఇప్పుడూ వేలే!

అదే ఏడాది నవంబరు 25న, యానాం పక్కనే ఉన్న కోరంగి రేవును ఉప్పెన ముంచేసింది. గోదావరి ముఖద్వారంలో ఓడలు కట్టే ఊరు కోరంగి. ఆ తరువాత అది మళ్లీ మునుపటి రేవు కాలేకపోయింది. ఈ సంగతి కలకత్తా చేరడానికి ఉత్తరాలు, ఓడలే ఆధారం. హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఓడల కెప్టెన్లు రాసుకున్న దినచర్యలు సేకరించి, గాలి ఏ గంటకు ఏ దిక్కునుంచి వీచిందో కూర్చి, కోరంగి గాలివాన మీద ఒక పరిశోధన వ్యాసం రాశాడు. 'సైక్లోన్' అన్న పేరు పెట్టినవాడు కూడా ఈయనే. ఓషానెస్సీ తీగ గురించి, పిడింగ్టన్ తుఫాను గురించి రాసినవి రెండూ బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలోనే వచ్చాయి. అయితే తుఫాను కబురును తీగ మీద ముందుగా పంపవచ్చునన్న ఆలోచన ఆచరణలోకి రావడానికి ఇంకా పాతికేళ్లు పట్టింది.

తీగ వేయడం మొదట ఓడల కోసమే మొదలైంది. 1851 నాటికి కలకత్తా నుంచి డైమండ్ హార్బర్ దాకా లైను పడింది. ఓషానెస్సీ దగ్గర పనిచేసిన శివచంద్ర నంది అనే బెంగాలీ యువకుడు ఈ లైను పనుల్లో ముందున్నాడు. తంతి శాఖ చరిత్రలో నిలిచిన తొలి భారతీయుడి పేరు ఆయనది. 1853 చివర ఆగ్రా లైను పని ఆరంభించి, 1854 మార్చిలో మొదటి వార్త పంపారు. 1855 ఫిబ్రవరిలో ప్రజలందరూ డబ్బు చెల్లించి వార్తలు పంపుకోవచ్చునని తలుపులు తెరిచారు. అప్పటికి కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసులను కలుపుతూ సుమారు 4,000 మైళ్ల తీగ ఉంది. బొంబాయి, మద్రాసుల మధ్య లైను మన బళ్లారి మీదుగా నడిచింది. ఇంటర్నెట్టు మన దాకా ఎప్పుడొచ్చిందని అడిగితే ఎవరైనా పాతికేళ్లో ముప్పై ఏళ్లో అంటారు. తీగ మాత్రం రైలుకంటే ముందే బళ్లారికి వచ్చింది.

తీగ వచ్చిన రెండేళ్లకే దాన్ని తెంపడం కూడా మొదలైంది. 1857 మే 11న ఢిల్లీ తంతి కార్యాలయం నుంచి అంబాలాకు వెళ్లిన వార్త, తిరుగుబాటు సంగతి ఇంగ్లీషువాళ్లకు ముందే చేరేలా చేసింది. అందుకే తిరుగుబాటుదారులు ఎక్కడికక్కడ తీగలు కోశారు, స్తంభాలు పడగొట్టారు. రాజ్యం ఏ తీగ మీద నిలబడి ఉందో వాళ్లకు బాగా అర్థమైంది.

ఇక తుఫాను సంగతికి వద్దాం. 1864 అక్టోబరులో కలకత్తాను, నవంబరు 1న మన బందరును ఘోరమైన గాలివానలు ముంచాయి. బందరులో సుమారు 30 వేలమంది పోయారని లెక్క. దాని మరుసటేడు, 1865లో, కలకత్తా రేవుకు తంతి ద్వారా తుఫాను హెచ్చరిక పంపే ఏర్పాటు చేశారు. గమనించండి, బందరుకు కాదు, కలకత్తాకు. అదీ ఊళ్లలోని మనుషుల కోసం కాదు, రేవులోని ఓడల కోసం. తరువాత క్రమంగా మిగతా రేవులకూ వచ్చింది. మనం రేడియోలో తరచు వినే "ఏడో నంబరు ప్రమాద సూచిక", "పదో నంబరు ప్రమాద సూచిక" అన్న మాటలు ఆ ఓడల కాలం నుంచి మిగిలినవే. ఓడలవాళ్ల కోసం పెట్టిన అంకెలను విని ఊళ్లలో పిల్లలను చంకనెత్తుకుని పరిగెత్తడం మనం నేర్చుకున్నాం.

ఇందులో ఒక చిక్కు ఉంది. గాలివాన వస్తోందని చెప్పేది తీగే. గాలివాన వచ్చి మొట్టమొదట తెంపేదీ తీగనే. రాకముందు ఎంత సేవ చేస్తుందో, వచ్చిన తరువాత అంతగా చేతులెత్తేస్తుంది. ఈ చిక్కు 1865లో ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది.

తీగ తెగితేనే కష్టమనుకుంటే పొరపాటు. తీగ చక్కగా పనిచేస్తున్నప్పుడు జనం చచ్చిన కథ కూడా మన దగ్గరే ఉంది. 1876లో వానలు తప్పాయి. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను ధాత కరువు పట్టింది. అప్పటికి అనంతపురం విడిగా జిల్లా కాదు, బళ్లారిలో భాగమే. అంతకుముందు కరువుల్లో ఒక ఊళ్లో ధర పెరిగితే పక్క తాలూకాకు తెలియడానికి రోజులు పట్టేది. ఇప్పుడు ధర పెరిగిందన్న కబురు తీగ మీద గంటల్లో అన్ని బజార్లకూ పాకింది. గింజలున్న ఊళ్లో కూడా అదే రోజు ధర లేచింది. వ్యాపారులు ధాన్యాన్ని రైలెక్కించి ఎక్కడ ఎక్కువ పలికితే అక్కడికి పంపారు. ఓడల్లో దిగిన బియ్యం బస్తాలు మద్రాసు సముద్రపుటొడ్డున గుట్టలుగా పడి ఉన్నాయి, కాపలా మధ్యన. లోపలి జిల్లాల్లో మనుషులు దారుల్లో పడిపోతున్నారు.

పైనుంచి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 ఆరంభంలో కరువు పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం స్థాయికి కుదించాడు. దాంతో మనిషి బతకడని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ వాదించాడు. ఆ వాదం నెలలు నడిచింది. ఉత్తర్వులు మాత్రం తీగ మీద వేగంగానే నడిచాయి. నిర్ణయం తప్పయితే వేగం వల్ల మేలేమిటి?

అయితే అదే తీగ ఇంకో పనికీ వచ్చింది. 1877 ఆగస్టులో మద్రాసు పురప్రముఖులు సభ జరిపి, లండన్ లార్డ్ మేయరుకు, మరికొన్ని ఇంగ్లీషు నగరాలకు తంతి పంపి సాయం అడిగారు. ఎర్ర సముద్రం మీదుగా బొంబాయికి సముద్రపు కేబుల్ వచ్చి అప్పటికి ఏడేళ్లే. ఆ కబురుకు స్పందించి లక్షల పౌన్ల విరాళాలు వచ్చాయి. ఆ సహాయ సంఘానికి కార్యదర్శిగా పనిచేసిన విలియం డిగ్బీ ఈ కరువు మీద రెండు సంపుటాల గ్రంథం రాశాడు. ధర పెంచిన తీగే దానం తెచ్చింది. దాన్ని మంచిదనో చెడ్డదనో ఒక్క మాటలో తేల్చేవాళ్లు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని నాకనిపిస్తుంది.

1908లో తీగ తెగలేదు, దాన్ని నడిపే చేతులు ఆగాయి. పనిగంటలు, జీతాల విషయమై ఆ ఏడాది ఏప్రిల్లో దేశమంతటా, బర్మాలో కూడా తంతి సిగ్నలర్లు సమ్మె చేశారు. రంగూను, కలకత్తా, మద్రాసు, బొంబాయి, అన్నిచోట్లా వార్తల కట్టలు బల్లల మీద పేరుకున్నాయి. ఏ తీగను వాళ్లు నడిపేవారో ఆ తీగ మీదనే ఒకరికొకరు కబురు పెట్టుకుని సమ్మె కట్టారు. వర్తకుల బేరాలు నిలిచిపోయాయి. త్వరగా రాజీ చేసుకోమని వర్తక సంఘాలే ప్రభుత్వం మీద ఒత్తిడి తెచ్చాయి. తీగ అంటే ఇనుము, గాజు, బ్యాటరీ కాదు, టిక్కు టిక్కుమనే చప్పుడును అక్షరాలుగా మార్చే మనిషి అని దొరలకు ఆ ఏప్రిల్లో తెలిసొచ్చింది.

1942లో క్విట్ ఇండియా ఉద్యమానికి ముందు ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు పంపిన సూచనల పత్రం ఒకటుంది. 'కర్నూలు సర్క్యులర్' అన్న పేరుతో ప్రసిద్ధి. టెలిగ్రాఫు, టెలిఫోను తీగలు కోయడం అందులోని సూచనల్లో ఒకటి. ప్రాణహాని మాత్రం కూడదని అందులో ఉంది. పాలకుడు తీగ మీద ఆధారపడతాడు, రైతు పడడు అన్న లెక్క అప్పటికి సరిపోయింది. ఈనాడు అదే తీగ కోస్తే ముందు పస్తుండేది రేషన్ కార్డు ఉన్నవాడు. ఎనభై ఏళ్లలో అంత మారింది.

స్వాతంత్ర్యం వచ్చాక తంతి మన ఇళ్లలోకి వచ్చింది. కానీ మన భాషలో రాలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో, తరువాత నాగరి లిపిలో మాత్రమే టెలిగ్రాం ఇచ్చేవారు. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే అవతలి ఊళ్లో ఎలా విచ్చుకుంటుందో దేవుడికే తెలియాలి. అందుకని చదువురాని తల్లి కూడా "స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అన్న రెండు ముక్కలు నేర్చుకుంది. టెలిగ్రాం బంట్రోతు సైకిలు వీధి మొగలో కనబడితే విప్పి చూడకముందే ఏడుపు లేచేది. 1985 ప్రాంతంలో దేశంలో ఏడాదికి 6 కోట్ల టెలిగ్రాంలు నడిచాయి. 45 వేల తంతి కార్యాలయాలు ఉండేవి.

ఇక్కడ ఒక్క క్షణం తీగ వదిలి పావురం సంగతి చెప్పాలి. ఇది మన కొరాపుట్ కథ, అందులోనూ ఇప్పటి పిల్లలు నమ్మని కథ. జయపురం సంస్థానం, రాయగడ, ఆ కొండలన్నీ 1936 దాకా విశాఖపట్నం ఏజెన్సీలోవే. తరువాత ఒడిశాలో కొరాపుట్ జిల్లా అయ్యాయి. ఆ కొండల్లో తీగ వేయడం కష్టం, వేసినా నిలవదు. 1946లో సైన్యం ఇచ్చిన సుమారు 200 పావురాలతో ఒడిశా పోలీసులు కొరాపుట్‌లో పావురాల సర్వీసు మొదలుపెట్టారు. బెల్జియన్ హోమర్ అనే జాతి అది. చీటీని చిన్న గొట్టంలో చుట్టి కాలికి కట్టి వదిలేవారు. గంటకు యాభై కిలోమీటర్ల పైచిలుకు వేగంతో కొండలు దాటి తన గూటికి వచ్చేది.

మామూలుగా పావురానికి ఇంటికి రావడమే తెలుసు, వెళ్లడం తెలియదు. అందుకని ఒక ఠాణా గూటి పక్షులను బుట్టల్లో పెట్టి ముందే ఇంకో ఠాణాకు మోసుకుపోవాలి. దీనికి పోలీసులు ఒక ఉపాయం పట్టారు. ఒక చోట గూడు, ఇంకో చోట మేత పెట్టి అలవాటు చేస్తే, అదే పక్షి ఒక పూట అటు, ఒక పూట ఇటు తిరుగుతుంది. పోనూ రానూ టపా అన్నమాట! 1948 ఏప్రిల్లో సంబల్‌పూర్‌లో ఉన్న ప్రధాని నెహ్రూ కటక్‌లోని అధికారులకు పావురం మీదనే కబురు పంపాడు. 1982లో వరదలకు బాంకి ప్రాంతం చుట్టూ నీళ్లు నిలిచినప్పుడు పావురాలే కబురు తెచ్చాయి. టెలిఫోను, వైర్‌లెస్, అన్నీ వచ్చాక కూడా ఆ పక్షులకు గింజలు వేస్తూ, జీతమిచ్చి పోలీసులను పెట్టి సాకారు. దండగ ఖర్చని ఏ ఆడిటరైనా రాసి ఉండవచ్చు. ఆ దండగ ఎందుకు పనికొచ్చిందో కాసేపట్లో చెబుతాను.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ వైపు ఊళ్ల మీద తాటిచెట్టంత ఎత్తున నీరు వచ్చిందని బతికినవాళ్లు చెప్పేవారు. ప్రభుత్వ లెక్కలోనే మృతులు పదివేల దాకా ఉన్నారు. టెలిఫోను స్తంభాలు పడిపోయాయి, రోడ్లు కొట్టుకుపోయాయి. ఎంత ఘోరం జరిగిందో బయటి లోకానికి వెంటనే అందలేదు. తుఫాను వస్తోందని రేడియో చెప్పింది, కానీ రేడియో ఉన్న ఇళ్లెన్ని? విన్నవాళ్లు పోవడానికి గట్టి కట్టడం ఏ ఊళ్లో ఉంది?

దాని తరువాత చేసిన మంచి పనులు రెండు. ఒకటి, తీరం పొడవునా తుఫాను రక్షణ భవనాలు కట్టారు. రెండోది, 1980ల దశకంలో ఇన్శాట్ ఉపగ్రహం ద్వారా హెచ్చరిక పంపే యంత్రాలను ఆంధ్ర, తమిళనాడు తీరాల్లో పెట్టారు. ఉపగ్రహం నుంచి సంకేతం రాగానే యంత్రంలో సైరన్ దానంతటదే మోగుతుంది. వెంటనే స్థానిక భాషలో హెచ్చరిక వినిపిస్తుంది. ఏ జిల్లాకు ప్రమాదమో ఆ జిల్లా యంత్రాలనే మేల్కొలపవచ్చు. తీగ లేదు కనుక గాలికి తెగేదీ లేదు. తంతిలో చోటు దొరకని తెలుగు ఇక్కడ మొదటి రోజునుంచే ఉంది. 1990 మే 9న ఇంచుమించు అంతే బలమైన తుఫాను మళ్లీ బందరు తీరాన్నే తాకింది. ముందుగానే పెద్ద ఎత్తున ఊళ్లు ఖాళీ చేయించారు. మృతులు వెయ్యిలోపే ఉన్నారు. వెయ్యి తక్కువ కాదు, కానీ పదివేలు కాదు.

ఒడ్డున ఉన్నవాళ్లకు చేరిన కబురు నీళ్ల మీద ఉన్నవాళ్లకు చేరలేదు. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుఫాను కోనసీమ కొబ్బరిని నేలమట్టం చేసింది. యానాం, భైరవపాలెం, బలుసుతిప్ప వైపు కుటుంబాలకు ఆ రాత్రి గురించి చెప్పనక్కరలేదు. వెయ్యిమందికి పైగా చనిపోయిన ఆ తుఫానులో వేటకు వెళ్లి తిరిగిరాని మత్స్యకారులే ఎందరో. పడవలో చిన్న రేడియో ఉండి ఉంటే అన్న మాట ఆ రేవుల్లో ఎన్నేళ్లు వినబడిందో!

1999 అక్టోబరులో గంజాం జిల్లాను 17, 18 తేదీల్లో ఒక తుఫాను కొట్టింది. బరంపురం ఇంకా తేరుకోకముందే 29న పారదీప్ దగ్గర మహాతుఫాను. దాదాపు పదివేలమంది మరణించారు. రాజధాని భువనేశ్వరమే మూగబోయింది. కరెంటు లేదు, టెలిఫోను లేదు, జిల్లాల్లో ఏం జరిగిందో రాష్ట్ర ప్రభుత్వానికే తెలియదు. అప్పుడు రెండు పాత విద్యలు పనికొచ్చాయి. ఒకటి, మన పోలీసు పావురాలు. వైర్‌లెస్ స్తంభించిన తీర ప్రాంతాల్లో అవి చీటీలు మోశాయి. రెండోది హామ్ రేడియో. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ సభ్యులు, ఇతర రాష్ట్రాల ఔత్సాహికులు కారు బ్యాటరీ, వైరు ముక్క, చిన్న సెట్టు తీసుకుని వెళ్లి కూర్చున్నారు. ఎక్కడ బియ్యం కావాలి, ఎక్కడ మందులు కావాలి, అవన్నీ వాళ్ల గొంతుల మీద నడిచాయి. వాళ్లు ఉద్యోగులు కారు, సరదా కోసం పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నవాళ్లు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన ఉదయం, అదే హైదరాబాదు సంస్థకు చెందిన భారతి ప్రసాద్ హామ్ ప్రయోగాల కోసం పోర్ట్ బ్లెయిర్‌లో ఉండడం మన అదృష్టం. ద్వీపాలకు టెలిఫోను తెగిన ఆ రోజుల్లో ఆమె సెట్టు మీదుగా ఎందరి క్షేమ సమాచారాలో ప్రధాన భూమికి చేరాయి.

ఈలోగా లోకం మారిపోయింది. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో సీ-డాట్ వాళ్ల గ్రామీణ టెలిఫోను ఎక్స్ఛేంజి నడిచింది. ఏసీ గది లేకుండా మన ఎండకూ దుమ్ముకూ తట్టుకునేలా దాన్ని తయారుచేశారు. దాని వెనకే పసుపురంగు ఎస్టీడీ బూత్‌లు వచ్చాయి. 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్టు ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. ఆపైన సెల్‌ఫోను. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సముద్రపు అడుగున కేబుళ్లు తెగితే బెంగళూరు, చెన్నైలలో కంప్యూటర్లు నత్తనడక నడిచాయి. 1870ల్లో బొంబాయి, మద్రాసులలో ఒడ్డెక్కిన సముద్రపు తీగల దారులే ఇంచుమించు ఈనాటి దారులు. మద్రాసు నుంచి సింగపూర్ వైపు 1871లో తంతి కేబుల్ వేశారు, 2002లో చెన్నై నుంచి సింగపూర్‌కే ఇంటర్నెట్టు కేబుల్ వేశారు. గాలిలో ఉందనుకునే ఇంటర్నెట్టు నిజానికి నీళ్ల కింద, మట్టి కింద ఉన్న తీగే.

ఇక పాత దారులు ఒక్కొక్కటే మూసేశాం. 2008 ప్రాంతంలో ఒడిశా పోలీసులు పావురాలను విధుల నుంచి తప్పించి, ఉత్సవాల కోసం కొన్నింటిని ఉంచుకున్నారు. 2013 జులై 14 రాత్రితో టెలిగ్రాం ఆగిపోయింది, అప్పటికి మిగిలినవి 75 కార్యాలయాలే. సుమారు మూడు నెలలకు, అక్టోబరు 12న, పైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. పది లక్షలమందిని ముందే తరలించడం వల్ల ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. గంజాంలో సెల్ టవర్లు మాత్రం పడకేశాయి. మరుసటేడు అదే తేదీన హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకింది. అంత నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోను లేదు, ఏటీఎం లేదు. బ్యాంకులో లక్షలున్నవాడు పాలపాకెట్టు కొనలేక, చేతిలో పది నోట్లున్నవాడి వైపు చూశాడు. ఇప్పుడు ఆ నోట్లు కూడా తగ్గిపోయి, కూరగాయల బండి మీద కూడా ఫోనుతోనే చెల్లిస్తున్నాం.

యంత్రం ఆగడం తప్పు కాదు, ఆగని యంత్రం ఉండదు. 2024 జులై 19న ఒక్క లోపభూయిష్టమైన సాఫ్ట్‌వేర్ మార్పు వల్ల ప్రపంచమంతటా కంప్యూటర్లు స్తంభించినప్పుడు, హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. చేత్తో రాయవచ్చునని అక్కడి ఉద్యోగికి అధికారం ఉంది, కాగితం ఉంది, కలం ఉంది. విమానం ఎక్కేవాడికి దొరికిన ఆ వెసులుబాటు, సర్వర్ లేని రోజున రేషన్ షాపు ముందు నిలబడ్డ ముసలమ్మకు ఎంతమంది డీలర్ల దగ్గర దొరుకుతోంది? పేరు రాసుకుని, సంతకమో నిశానీయో వేయించుకుని బియ్యం కొలిచి ఇచ్చే పుస్తకం పది దుకాణాల్లో ఎన్నింట్లో ఉంది? నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే.

మన సరిహద్దువాళ్లకు ఇది ఇంకాస్త గట్టి ప్రశ్న. తీగలన్నీ రాజధానుల నుంచి బయలుదేరతాయి. మనం ఉండేది చివరి కొసన. యానాం కాగితాలకు పుదుచ్చేరి, కొరాపుట్ కాగితాలకు భువనేశ్వరం, చంద్రపూర్ కాగితాలకు ముంబై. తెగినప్పుడు ముందు మనకు తెగుతుంది, అతికేటప్పుడు చివర మనకు అతుకుతుంది.

ఒడిశా ప్రభుత్వం 1999 తరువాత చాలా నేర్చుకుంది, ఆ మాట ఒప్పుకోవాలి. 2018లో గంజాంతో కలిపి ఆరు తీర జిల్లాల్లో 122 చోట్ల సైరన్ స్తంభాలు నిలబెట్టింది. ఒక్క మీట నొక్కితే అన్నీ మోగుతాయి. ఆ ఏడాదే అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తీరంలో లక్షలమందిని తరలించారు. తుఫాను తీరం దగ్గర ఆగకుండా లోపలికి, గజపతి జిల్లా కొండల్లోకి వెళ్లింది. పర్లాకిమిడి కేంద్రంగా ఉన్న ఆ జిల్లా ఆరు తీర జిల్లాల్లో లేదు, అక్కడ సైరన్ స్తంభం లేదు. బరాఘర అనే కొండ గ్రామంలో జనం వానకు తట్టుకోలేక కొండచరియ కింద గుహలాంటి చోటున తలదాచుకున్నారు. ఆ కొండే విరిగి వాళ్ల మీద పడింది. పదిమందికి పైగా పోయారు. దారులు తెగి, ఫోన్లు పనిచేయక, సహాయ బృందాలు ఆ ఊరికి నడిచి వెళ్లాల్సివచ్చింది.